బొగ్గు నలుపు, ముగ్గు తెలుపు: కన్ను పొరబడేది ఎక్కడ?

మ్యాచింగ్ సెంటర్‌కి చీర పట్టుకెళ్లినవాళ్లకి ఈ తతంగం కొత్త కాదు. కౌంటర్ వెనకాల ఉన్న అబ్బాయి చీర కొంగు పరిచి, దాని మీద ఒక బ్లౌజ్ పీస్ వేస్తాడు. బాగానే కలిసినట్టుంటుంది. అదే ముక్కను అంచు పక్కకి జరిపితే ‘అబ్బే, కాస్త తేలిపోయింది’ అనిపిస్తుంది. ఇంకో థాను దించుతాడు. చివరికి చీర, ముక్క రెండూ పట్టుకుని కొట్టు గుమ్మం దాకా వచ్చి, పగటి వెలుతురులో చూశాక గానీ కత్తెర పడనివ్వరు. ఈ పది నిమిషాల్లో రెండు వేరువేరు సంగతులు జరిగాయి. గుమ్మం దగ్గర మారింది కాంతి. ట్యూబ్‌లైట్ కాంతిలో రంగుల పాళ్లు వేరు, పగటి కాంతిలో వేరు. కాబట్టి బట్ట నుంచి కంటికి వచ్చేదే మారిపోయింది. రెండు అద్దకాలు ఒక దీపం కింద కలిసిపోయి మరో దీపం కింద విడిపోవడం భౌతికశాస్త్రం, అందులో కంటి తప్పేమీ లేదు. కొంగు మీంచి అంచు పక్కకి జరిపినప్పుడు మాత్రం దీపం మారలేదు, ముక్కా మారలేదు. మారింది పొరుగు ఒక్కటే. అయినా రంగు మారినట్టుంది. రంగుల విషయంలో దృష్టి భ్రమ అంటే ఈ రెండో రకమే.

ఇదే తగువు 1820ల్లో పారిస్‌లో నడిచింది. గోబెలిన్ అనే రాజాస్థానపు నేతశాలలో అద్దకం విభాగానికి 1824లో మిషెల్ యూజీన్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా వచ్చాడు. నీలం, ఊదా నేతల్లో నీడల కోసం వాడే నల్ల ఉన్నిలో పస లేదని ఆయనకి ఫిర్యాదులు అందాయి. ఆ ఉన్నిని పేరున్న ఇతర అద్దకశాలల నల్ల ఉన్నితో పోల్చి చూశాడు. తేడా ఏమీ లేదు. లోపం నలుపులో కాదు, దాని పక్కనున్న నీలంలో ఉందని తేల్చాడు. ఆయన రాసిన ఇంకో ముచ్చట మరీ బావుంటుంది. కొందరు బట్టల వర్తకులు ఎరుపు, ఊదా, నీలం గుడ్డలిచ్చి, వాటి మీద నల్ల డిజైను అచ్చు వేయించారు. తీరా చూస్తే ఎరుపు మీద నలుపు ఆకుపచ్చ తిరిగినట్టు, నీలం మీద రాగి రంగు కలిసినట్టు కనిపించింది. అడిగిన నలుపు వేయలేదని గొడవ. షెవ్రల్ తెల్లకాగితాన్ని కత్తిరించి, రంగు గుడ్డ అంతా కప్పేసి, డిజైను మాత్రమే బయటికి కనిపించేలా పెట్టాడు. అంతా మామూలు నలుపే. ప్రతి రంగూ తన పొరుగును తనకు వ్యతిరేకమైన రంగు వైపు నెడుతుందన్న సూత్రాన్ని 1839లో అచ్చు వేయించాడు. అమ్మకందార్లకు కిటుకు కూడా చెప్పాడు: వరసగా ఎర్ర బట్టలే చూపిస్తూ పోతే చివరివి వెలిసినట్టు కనిపిస్తాయి, మధ్యలో ఒక ఆకుపచ్చది విప్పితే కన్ను మళ్లీ ఎరుపుకి సిద్ధమవుతుంది అని. అనుభవం ఉన్న గుమాస్తాకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అంతవరకు సులువే. ‘ఉన్నది ఒకటి, కనిపించేది ఒకటి’ అంటే నిర్వచనం అయిపోయినట్టే అనిపిస్తుంది. చిక్కంతా ‘ఉన్నది’ అన్న మాటలో ఉంది. పొడవు విషయంలో అయితే గొడవ లేదు, స్కేలు పెట్టి కొలుస్తే సరి. వెలుగు, రంగుల విషయంలో ఏ స్కేలు పెట్టాలి?

ఒక వస్తువు కనిపించాలంటే మూడు లెక్కలు కలవాలి. దాని మీద ఎంత వెలుతురు పడుతోంది అన్నది ఒకటి. అందులో ఎంత శాతాన్ని అది తిప్పి పంపుతోంది అన్నది రెండోది. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది, అంటే కంటికి చేరే కాంతి, మూడోది. ముగ్గుపిండి తన మీద పడే కాంతిలో ఎనభై, తొంభై శాతాన్ని తిప్పి పంపుతుందనుకోవచ్చు. బొగ్గు మహా అయితే నాలుగు శాతం. ఇప్పుడు ముగ్గుపిండి గిన్నెను వంటింట్లో గట్టు మీద, బొగ్గు ముక్కను మిట్టమధ్యాహ్నం పెరట్లో పెట్టండి. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. నడినెత్తి ఎండ సుమారు 1,00,000 లక్స్. ఇంట్లో దీపం కింద 200 లక్స్ అనుకుందాం. పెరట్లో బొగ్గు నుంచి వచ్చే కాంతి 4,000 పాళ్లు, వంటింట్లో ముగ్గుపిండి నుంచి వచ్చేది 170 పాళ్లు. తెల్లటి ముగ్గు కంటే నల్లటి బొగ్గు ఇరవై రెట్లకు పైగా ఎక్కువ కాంతిని కంటికి పంపుతోంది. అయినా బొగ్గు నల్లగానే, ముగ్గు తెల్లగానే కనిపిస్తాయి. ఇందులో భ్రమ ఉందని ఎవరూ అనరు. కానీ ‘కంటికి చేరే కాంతి’ని కొలబద్దగా పెట్టుకుంటే ఇంతకు మించిన భ్రమ ఇంకోటి లేదు.

కంటికి అందేది గుణకారం చేశాక వచ్చిన లబ్ధం మాత్రమే. పన్నెండు అని చెప్పి, ఏ రెండు అంకెలు గుణించానో చెప్పమంటే ఎలా ఉంటుంది? మూడు నాలుగులు కావచ్చు, రెండు ఆర్లు కావచ్చు. ఎక్కువ వెలుతురులో ఉన్న నల్ల వస్తువా, తక్కువ వెలుతురులో ఉన్న తెల్ల వస్తువా అన్నది ఆ ఒక్క చుక్క కాంతిలో ఎక్కడా రాసి ఉండదు. చుట్టుపక్కల చూసి తేల్చుకోవాల్సిందే. కన్ను, మెదడు కలిసి పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని ఇదే. ఆ పని ఎప్పుడో ఒకసారి బయటపడితే దానికి మనం భ్రమ అని పేరు పెడతాం.

వాట్సాప్‌లో తిరగని ఇల్లు లేదనిపించే ఒక బొమ్మ ఉంది. గళ్ల బల్ల మీద ఆకుపచ్చ స్తంభం నిలబెట్టి ఉంటుంది. దాని నీడ గళ్ల మీద ఏటవాలుగా పడుతుంది. నీడ బయట ఉన్న ఒక ముదురు గడి మీద ఒక అక్షరం, నీడలో ఉన్న ఒక లేత గడి మీద ఇంకో అక్షరం. రెండు గళ్లూ అచ్చంగా ఒకే బూడిద రంగు అని కింద రాసి ఉంటుంది. ఎవరూ నమ్మరు. కాగితానికి రెండు చిల్లులు పెట్టి, మిగతా బొమ్మంతా మూసి చూస్తే గానీ నోరు మూతపడదు. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ అడెల్సన్ 1995లో దీన్ని తయారుచేశారు. ‘మీ కళ్లు మిమ్మల్ని మోసం చేస్తున్నాయి’ అన్న వ్యాఖ్య మాత్రం ఫార్వర్డ్ చేసినవాళ్లు తగిలించింది. కన్ను కాంతిని కొలిచే మీటరుగా పనికిరాదు నిజమే, కానీ దాని పని అది కాదు కదా అన్నది అడెల్సన్ వాదన.

ఆ వాదన ఎంత గట్టిదో తెలియాలంటే బొమ్మను పక్కన పెట్టి, అలాంటి బల్లనే వడ్రంగి చేత చేయించినట్టు ఊహించుకోవాలి. నీడ బయటున్న గడి నిజంగా ముదురు చెక్క, నీడలోది నిజంగా లేత చెక్క. ‘ఇది ముదురుది, అది లేతది’ అన్నవాడు బల్ల గురించి నిజం చెప్పినట్టు. ‘రెండూ ఒకటే’ అన్నవాడే తప్పు చెప్పినట్టు. కన్ను నీడను గుర్తించి, నీడ వల్ల తగ్గిన వెలుతురును లెక్కలోంచి తీసేసి, చెక్క రంగేమిటో చెప్పింది. ఈ పనే చేయగలిగే కెమెరా సాఫ్ట్‌వేర్ రాయడానికి ఇంజినీర్లు తలలు బద్దలు కొట్టుకుంటుంటే, దాన్ని మోసం అనడం అన్యాయం. భ్రమ అనే ముద్ర పడింది మనం కొలబద్ద మార్చాం కాబట్టి. కన్ను చెక్క గురించి జవాబు చెప్పింది, మనం తెర మీద చుక్కల (పిక్సెల్స్) గురించి ప్రశ్న అడిగాం.

ఈ రెండు ప్రశ్నలకు రెండు జవాబులు ఉంటాయని ప్రయోగంలోనే తేలింది. లారెన్స్ అరెండ్, ఆడమ్ రీవ్స్ 1986లో కొందరికి కంప్యూటర్ తెర మీద రంగు ముక్కలు చూపించి, రెండు రకాలుగా అడిగారు. ‘రెండూ ఒకే కాగితంలోంచి కత్తిరించినట్టు కనిపించేలా సరిచెయ్యండి’ అన్నప్పుడు దీపం రంగు మారినా చూసేవాళ్లు దాదాపు సరైన జవాబే ఇచ్చారు. ‘రంగు ఒకేలా కనిపించేలా సరిచెయ్యండి’ అన్నప్పుడు ఆ నిలకడ పోయింది. మనుషులూ వాళ్లే, కళ్లూ అవే. అడిగిన మాట మారింది. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు రెండు మాటలను విడివిడిగా వాడతారు. ఒక చోటు నుంచి ఎంత కాంతి వస్తున్నట్టు కనిపిస్తోంది అన్నది బ్రైట్‌నెస్. ఆ ఉపరితలం నలుపు నుంచి తెలుపు దాకా ఎక్కడుందనిపిస్తోంది అన్నది లైట్‌నెస్. తెలుగులో రెండింటినీ ‘వెలుగు’ అనేస్తే సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

ఈ తలనొప్పి తప్పించుకోవడానికి కొందరు ఇంకో నిర్వచనం పట్టుకున్నారు. ఒకే కాంతి వేరువేరుగా కనిపిస్తే భ్రమ, వేరు కాంతులు ఒకేలా కనిపించినా భ్రమ. కొలవడానికి చాలా వీలుగా ఉంటుంది, ఎవరితోనూ పేచీ ఉండదు. కానీ ఈ లెక్కన తెల్ల చొక్కా ఎండలోనూ చెట్టు నీడలోనూ తెల్లగానే కనిపించడం భ్రమ అవుతుంది. పొద్దున లేచింది మొదలు చూసేదంతా భ్రమే అవుతుంది. అన్నిటికీ వర్తించే మాట దేన్నీ వేరు చేసి చూపించలేదు. అందుకే డేల్ పర్వెస్ లాంటి నాడీశాస్త్రవేత్తలు అసలు ‘భ్రమ’ అనే వర్గమే వద్దంటారు. చూపు ఎప్పుడూ ఒకే పద్ధతిలో పనిచేస్తోంది, గతంలో ఇలాంటి కాంతి ఎలాంటి వస్తువుల నుంచి వచ్చిందో అదే చూపిస్తోంది, అందులో కొన్నింటిని ఏరి తప్పులని పిలవడం మన అలవాటు మాత్రమే అని వాళ్ల వాదన.

మన తర్కశాస్త్రం చదువుకున్నవాళ్లకి ఇది ఎక్కడో విన్న గొంతులా ఉంటుంది. కామెర్ల రోగికి తెల్లటి శంఖం పసుపుపచ్చగా కనిపిస్తుందన్న ‘పీతశంఖం’ అక్కడ పాత ఉదాహరణ. ఒకదాన్ని ఇంకోలా చూడడమే భ్రమ అన్నారు నైయాయికులు, అంటే న్యాయదర్శనం వాళ్లు. దీనికి అన్యథాఖ్యాతి అని పేరు. మీమాంస అనే మరో దర్శనంలో ప్రభాకరుడి బాట పట్టిన ప్రాభాకర మీమాంసకులు ఒప్పుకోలేదు. కనిపించిన పసుపూ నిజమే, కనిపించిన శంఖమూ నిజమే, ఆ రెండింటికీ సంబంధం లేదన్న సంగతి పట్టుబడకపోవడమే జరిగింది, తప్పు జ్ఞానం అంటూ ఏదీ లేదు అన్నారు. దాన్ని అఖ్యాతి అన్నారు. నేటి ప్రయోగశాలలో వాదన తిరుగుతున్న ఇరుసు ఇదే: భ్రమ అంటే చూపులో వచ్చిన తప్పా, లేక సరైన చూపుకే మనం తగిలించిన పేరా? అలాగని పూర్వీకులకు అన్నీ ముందే తెలుసని చెప్పుకోనక్కర్లేదు. వాళ్లు అడిగిన ప్రశ్న మంచిది, అంతే.

కామెర్ల మాట వచ్చింది కాబట్టి ఒక దిద్దుబాటు. ‘పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుంది’ అన్న సామెత మనుషుల బుద్ధి గురించి ఎంత నిజమైనా, కంటి గురించి నిజం కాదు. కామెర్లు వచ్చినవాళ్ల కళ్లు మనకు పచ్చగా కనిపిస్తాయి, వాళ్లకు లోకం మామూలుగానే కనిపిస్తుంది. నిజంగా పసుపు అద్దంలోంచి లోకాన్ని చూసేవాళ్లు వేరే ఉన్నారు: శుక్లాలు ముదిరిన పెద్దవాళ్లు. వయసుతో కంటి కటకం పసుపు తిరిగి, నీలి కాంతిని అడ్డుకుంటుంది. మార్పు ఏళ్ల తరబడి నెమ్మదిగా వస్తుంది కాబట్టి మెదడు ఎప్పటికప్పుడు సర్దుకుంటూ తెల్లకాగితాన్ని తెల్లగానే ఉంచుతుంది. ఆపరేషన్ చేసి కొత్త లెన్స్ పెట్టాక అసలు తమాషా మొదలవుతుంది. ‘గోడలకి నీలిమందు ఎక్కువ కలిపారా ఏమిటి?’ అన్నంతగా తెలుపంతా నీలంగా కనిపిస్తుంది. ఇప్పుడు కంటిలోకి వస్తున్నది సరైన కాంతి, చెడింది పాత సర్దుబాటు. తెలుపు మళ్లీ తెలుపుగా స్థిరపడడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఇక ఇదంతా ఎలా జరుగుతుందన్న దానికి వద్దాం. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్తలిద్దరు దీని మీద జీవితకాలం పోట్లాడుకున్నారు. హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ దృష్టిలో చూడడం అంటే మనకు తెలియకుండానే చేసే ఊహ: వెలుతురు ఎంత ఉందో అంచనా వేసి, దాన్ని తీసేసి, వస్తువు రంగును తేల్చుకోవడం. ఎవాల్డ్ హెరింగ్ అంత దూరం వెళ్లక్కర్లేదన్నాడు. కంటిలోనే పక్కపక్క చోట్లు ఒకదాన్నొకటి తొక్కిపడతాయి, తేడా అక్కడే పుడుతుంది అన్నాడు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో హెరింగ్ గెలిచినట్టే అనిపించింది. వెలుగు నుంచి చీకటికి క్రమంగా మారే చోట, ఆ మార్పు మొదలయ్యే దగ్గర, ముగిసే దగ్గర లేని చారలు కనిపిస్తాయని ఎర్నెస్ట్ మాక్ 1865లో చూపించాడు. జెట్ విమానాల వేగానికి ముందు వచ్చే ‘మాక్’ ఈయన పేరే. వందేళ్లు గడవకముందే అమెరికాలో కెఫర్ హార్ట్‌లైన్, ఫ్లాయిడ్ రాట్లిఫ్ గుర్రపు డెక్క ఆకారంలో ఉండే ఒక సముద్ర జీవి కంట్లో దీనికి కారణం కనిపెట్టారు. ఒక కాంతి కణం ఉత్తేజం పొందితే పక్క కణాల నోరు నొక్కేస్తుంది. వెలుగు అంచు దగ్గరున్న కణానికి ఒక వైపు నుంచే నొక్కుడు కాబట్టి అది మిగతా వాటికంటే గట్టిగా అరుస్తుంది. అక్కడే తెల్ల చార. హార్ట్‌లైన్‌కు 1967లో నోబెల్ బహుమతి వచ్చింది. పాఠ్యపుస్తకాలు మిగతా భ్రమలన్నిటినీ ఈ ఒక్క మేకుకే తగిలించేశాయి.

మేకు ఆ బరువు మోయలేకపోయింది. నల్లటి చదరాల మధ్య తెల్ల దారులు వదిలితే, దారులు కలిసే కూడళ్లలో బూడిద మచ్చలు తచ్చాడుతున్నట్టు ఉంటుంది. లుడిమార్ హెర్మన్ 1870లో చెప్పిన ఈ భ్రమకు కూడా ‘నోరు నొక్కే’ వివరణే చాలాకాలం చెల్లింది. తర్వాత హంగరీకి చెందిన యానోష్ గైయర్ బృందం ఆ గీతలను కాస్త అలల్లా వంచి చూపించింది. మచ్చలు మాయం. పొరుగు కణాల లెక్క ప్రకారం గీత వంకరైనంత మాత్రాన అంత తేడా రాకూడదు. అంతకంటే గట్టి దెబ్బ 1979లో ఆస్ట్రేలియా నుంచి మైకేల్ వైట్ కొట్టాడు. నలుపు, తెలుపు చారలు వరసగా గీసి, ఒక నల్ల చారలో కొంత ముక్కను, ఒక తెల్ల చారలో కొంత ముక్కను ఒకే బూడిద రంగుతో నింపాడు. నల్ల చారలోని ముక్కకు రెండు పక్కలా తెలుపు ఉంది. పాత వివరణ ప్రకారం అది నల్లబడాలి. కానీ అదే తెల్లబడి కనిపిస్తుంది. పొరుగున ఎవరున్నారన్నది కాదు, తాను ఏ చారకు చెందిందన్నది లెక్కలోకి వచ్చింది. చెందడం అన్నది ఒక్క కణానికి తెలిసే సంగతి కాదు.

హెల్మ్‌హోల్ట్జ్ వైపు మొగ్గిన ప్రయోగాల్లో అందమైనది అలన్ గిల్‌క్రిస్ట్ 1977లో చేసింది. చిన్న కన్నంలోంచి చూస్తే రెండు గదులు కనిపిస్తాయి. దగ్గరి గదిలో మసక వెలుతురు, దూరపు గదిలో మంచి వెలుతురు. మధ్యలో ఒక తెల్ల కార్డు. చుట్టుపక్కల కార్డుల అంచులను కత్తిరించే తీరు మార్చి, ఆ తెల్ల కార్డు దగ్గరి గదిలో ఉన్నట్టు ఒకసారి, దూరపు గదిలో ఉన్నట్టు ఒకసారి కనిపించేలా చేశాడు. కంట్లోకి వచ్చే కాంతి మారలేదు. మసక గదిలో ఉందనిపించినప్పుడు కార్డు తెల్లగా ఉంది. వెలుతురు గదిలో ఉందనిపించినప్పుడు అదే కార్డు దాదాపు నలుపైపోయింది. వెలుతురు బాగా ఉన్న చోట ఇంత తక్కువ కాంతి పంపుతోందంటే నల్ల కార్డే అయి ఉండాలి కదా అన్నట్టు. వస్తువు ఎక్కడుందో తేలాక గానీ దాని రంగు తేలడం లేదు.

తెలుపు అనేది ఎక్కడ మొదలవుతుంది అన్నది ఇంకో చిక్కు. దానికి మంచి ప్రయోగశాల ప్రొజెక్టర్ ఉన్న తరగతి గది. ప్రొజెక్టర్ ఆన్ చేయకముందు తెర తెల్లగా ఉంటుంది. ఆన్ చేసి, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద నల్ల అక్షరాలున్న స్లైడ్ వేస్తారు. ఆ నల్ల అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ప్రొజెక్టర్ కాంతిని వేయగలదు గానీ చీకటిని వేయలేదు. అక్షరాలున్న చోట అది దాదాపు ఏమీ వేయడం లేదు. అక్కడి నుంచి కంటికి వస్తున్న కాంతి, ఇందాక తెల్లగా కనిపించిన ఖాళీ తెర పంపిన కాంతికి ఏమాత్రం తక్కువ కాదు. చుట్టూ ఎక్కువ వెలుగు రాగానే నిన్నటి తెలుపు ఇవాళ్టి నలుపైపోయింది. 1929లో అడెమార్ గెల్బ్ దీన్నే తిరగేసి చూపించాడు. చీకటి గదిలో నల్ల కాగితం మీద మాత్రమే పడేలా దీపం వేస్తే అది తెల్లగా కనిపిస్తుంది. పక్కన నిజమైన తెల్ల కాగితం పెట్టగానే నల్లబడుతుంది. తీసేస్తే మళ్లీ తెలుపు. అసలు సంగతి తెలిసిపోయాక కూడా ఆ నల్ల కాగితం తెల్లగానే కనిపిస్తుంది. తెలివికి, చూపుకి మధ్య తలుపు ఒక వైపే తెరుచుకుంటుందన్నమాట. ఉన్నవాటిలో ఎక్కువ కాంతి ఇచ్చేదానికి తెలుపు అని పేరు పెట్టి, మిగతావాటిని దాన్నిబట్టి దించుకుంటూ పోతుంది చూపు అని గిల్‌క్రిస్ట్ తర్వాత సిద్ధాంతం కట్టాడు. ప్రతి రాత్రీ ఆకాశంలో ఇది జరుగుతూనే ఉంటుంది. చంద్రుడి నేల తన మీద పడిన ఎండలో పన్నెండు శాతమే తిప్పి పంపుతుంది, అరిగిపోయిన తారు రోడ్డుకు దగ్గర. పక్కన పోల్చుకోవడానికి తెల్లనిది ఇంకేదీ లేదు కాబట్టి వెండి గిన్నెలో పాలబువ్వ అంత తెల్లగా ఉంటాడు.

అయితే ఇదంతా అనుభవంతో నేర్చుకున్న అంచనాలేనా? ఇక్కడ మన దేశంలో జరిగిన పనికి చోటుంది. పవన్ సిన్హా నడిపే ప్రాజెక్ట్ ప్రకాష్‌లో పుట్టుశుక్లాలతో ఏళ్ల తరబడి చూపు లేకుండా పెరిగిన పిల్లలకు ఆపరేషన్లు చేయిస్తారు. కొత్తగా చూపు వచ్చిన పిల్లలకు నలుపు మీద, తెలుపు మీద ఒకే బూడిద చుక్కలు చూపిస్తే, వాళ్లకూ నలుపు మీది చుక్కే తెల్లగా కనిపించిందని 2020లో అచ్చయిన పరిశోధన చెప్పింది. లోకాన్ని చూసి నేర్చుకునే వ్యవధి వాళ్లకు లేదు. కాబట్టి పొరుగు ప్రభావంలో కొంత భాగం పుట్టుకతోనే, చూపు మార్గంలో తొలి మెట్ల మీదే ఉందన్నమాట. హెరింగ్ పూర్తిగా ఓడిపోలేదు. నీడలను, చోట్లను, చెందడాన్ని లెక్కేసే పని పై మెట్లలో ఉంది. ఒకే కారణం కోసం వెతకడం వల్లే ఈ చర్చ ఇంతకాలం సాగిందనిపిస్తుంది.

రంగుల దగ్గరికి వచ్చేసరికి ‘ఉన్నది’ అన్న మాట ఇంకా జారిపోతుంది. కిరణాలకు రంగు లేదని, రంగు అనే అనుభూతిని పుట్టించే గుణమే వాటికి ఉందని న్యూటన్ 1704లోనే రాశాడు. బ్రౌన్ రంగునే తీసుకోండి. ఇంద్రధనుస్సులో బ్రౌన్ లేదు. చుట్టూ ఎక్కువ వెలుగున్నప్పుడు కనిపించే మసక నారింజే బ్రౌన్. చీకటి గదిలో అదొక్కటే కనిపించేలా పెడితే నారింజగా మారిపోతుంది. అంటే బ్రౌన్ బల్ల అనడమే భ్రమా? జపాన్‌కు చెందిన అకియోషి కితావోకా 2017లో పెట్టిన స్ట్రాబెరీల ఫొటోలో ఎరుపు చుక్క ఒక్కటీ లేదు, అంతా ఆకుపచ్చ నీలం కలిసిన బూడిద. చూసినవాళ్లందరికీ పళ్లు ఎర్రగానే కనిపించాయి. ఫొటో అంతా పరుచుకున్న నీలి ఛాయను కన్ను దీపం ఖాతాలో వేసి తీసేసింది. మిగిలినదాంట్లో బూడిద కూడా ఎరుపు వైపే ఉంటుంది.

దీపం ఏ ఖాతాలో పడాలో తేలకపోతే ఏమవుతుందో 2015 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. స్కాట్లండ్‌లో ఒక పెళ్లి సందర్భంగా తీసిన గౌను ఫొటో ఇంటర్నెట్‌లో పడింది. ఒకే ఇంట్లో, ఒకే ఫోన్ చూస్తూ, ఒకరు నీలం నలుపు అంటే ఒకరు తెలుపు బంగారం అన్నారు. సుమారు 1,400 మందిని అడిగిన ఒక అధ్యయనంలో 57 శాతం నీలం నలుపు అని, 30 శాతం తెలుపు బంగారం అని, 11 శాతం నీలం బ్రౌన్ అని చెప్పారు. గౌను అసలు రంగు నీలం నలుపు. ఫొటోలోని చుక్కలేమో లేత నీలం, బ్రౌన్. గౌను నీలపు నీడలో ఉందనుకున్న మెదడు నీలాన్ని తీసేసి తెలుపు చూపింది. పసుపు దీపం కింద ఉందనుకున్న మెదడు పసుపును తీసేసి నీలం చూపింది. పొద్దున్నే లేచేవాళ్లు పగటి కాంతికి అలవాటుపడి తెలుపు బంగారం వైపు, రాత్రి మేలుకునేవాళ్లు దీపపు కాంతికి అలవాటుపడి రెండో వైపు కాస్త ఎక్కువ మొగ్గుతారని పాస్కల్ వాలిష్ 2017లో 13,000 మందికి పైగా జవాబులు చూసి చెప్పాడు. ఇద్దరూ ఒకే పద్ధతిలో లెక్క వేశారు, మొదటి అంకె దగ్గరే విడిపోయారు. ఇందులో ఎవరిది భ్రమ? గౌను కొలబద్ద అయితే 30 శాతం వాళ్లది. తెర మీది చుక్కలు కొలబద్ద అయితే దాదాపు అందరిదీ.

ఈ వాదన వింటే అసలు భ్రమే లేదు, కన్ను ఎప్పుడూ ఒప్పే అని తేల్చేయాలనిపిస్తుంది. పర్వెస్ బాటలో అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఎక్స్‌రే గదిలో ఆ మాట చెల్లదు. మెడ పైభాగాన రెండో వెన్నుపూస మీద మరో ఎముక నీడ అంచు పడితే, ఆ అంచు వెంట నల్లటి సన్నని గీత కనిపిస్తుంది. విరిగినట్టే ఉంటుంది. ఫిల్ములో గీత లేదు, ఎముకలోనూ లేదు. ఏ కొలబద్ద పెట్టినా లేదు. 1865లో మాక్ చెప్పిన చారే అది. అలాంటి గీత మీద అనుమానం వచ్చినప్పుడు రేడియాలజిస్టులకు నేర్పే చిట్కా ఒకటుంది. నల్లటి అట్టముక్కతో పక్కనున్న తెల్ల నీడను అంచు దాకా మూసేసి మళ్లీ చూడాలి. ఎముక విరిగి ఉంటే గీత అలాగే ఉంటుంది. మాక్ చార అయితే, షెవ్రల్ తెల్లకాగితం కప్పగానే నల్ల డిజైను మీంచి పచ్చదనం పోయినట్టే, మాయమవుతుంది.